ఇరవై రెండో ఎత్తు

మా అమ్మ నన్ను తిట్టిన తిట్లన్నిటిలో నాకు సరిగ్గా అతికింది ఒక్కటే. "కుదురు లేని ఎదవ" అనేది. నిజమే, నేను కూర్చుని అన్నం తిన్న రోజులు తక్కువ. కంచం చేత్తో పట్టుకుని రైల్వే క్వార్టరు వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతూ తినేవాణ్ణి. అది చిన్ననాటి జబ్బు, దాని గురించి ఎవరికీ చెప్పుకోవలసిందేమీ లేదు. తర్వాత ఇంకో రకం కుదురులేనితనం పట్టుకుంది. అది మాత్రం నేను చేతులారా తెచ్చిపెట్టుకున్నది.

తొంభైల మొదట్లో నేను బిలాస్‌పూర్ లోకో షెడ్డు స్టోర్సులో గుమాస్తాని. బేరింగులకీ బోల్టులకీ చీటీలు రాసివ్వడం నా పని. ఎన్నిసార్లు కడిగినా చేతులకి నూనె వాసన పోయేది కాదు. ఆ పనంటే నాకు ఒళ్ళు మంట. సాయంత్రం డ్యూటీ దిగగానే సైకిలేసుకుని అర్పా వంతెన దాటి సర్కండాలో ఒక కంప్యూటర్ క్లాసుకి వెళ్ళేవాణ్ణి. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికెళ్తే చల్లటి గది, మూడు మెషిన్లు, వాటి మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పులు. అక్కడ మాత్రం నేను కుదురుగా కూర్చునేవాణ్ణి. ఏడాదిన్నర కూర్చుని చదరంగం ఆడే ప్రోగ్రాం ఒకటి రాశాను.

చదరంగం నాకు మా నాన్న నుంచి వచ్చింది. ఆయన గూడ్సు బండి గార్డు. మా తాత పలాస వైపు నుంచి లైను మీద పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు, నాన్న గార్డయ్యాడు. డ్యూటీ లేని పూట రైల్వే ఇన్‌స్టిట్యూట్ వరండాలో చదరంగం పలక ముందు కూర్చుంటే ఇక లేవడు. గార్డంటే బండి చిట్టచివరి పెట్టెలో ఒంటరిగా కూర్చునే మనిషి. బండి నడిపేది ముందున్న డ్రైవరు. కానీ ప్రమాదం కనబడితే గార్డు ఎవర్నీ అడగకుండా తన పెట్టెలోంచే బ్రేకు వేసి బండి ఆపెయ్యొచ్చు. ఆపాక ఎందుకు ఆపాడో, ఎక్కడ ఆపాడో, ఎన్ని నిమిషాలు నిలిచిందో తన జర్నల్లో రాసి సంతకం పెట్టాలి. నాన్న ఒకసారి అలా ఆపాడు. మధ్యలో ఒక పెట్టె ఇరుసు కాలి పొగ వస్తోందట. ఆ కథ మా ఇంట్లో ఉప్పూ కారంతో సమానం, వారానికి ఒకసారైనా వడ్డించేవాడు.

అదే క్లాసుకి అకౌంట్స్ ఆఫీసు నుంచి ఒకతను వచ్చేవాడు. మంగ్లా వాడు. మంగ్లా అప్పటికింకా పల్లెటూరే, వరి చేల మధ్య నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. నాలాగా గొణుక్కోడు, చిరాకు పడడు, నెమ్మదిగా ఒక్కో కీ నొక్కుతూ పని చేసుకునేవాడు. అతనూ చదరంగం ప్రోగ్రామే రాస్తున్నాడు. నేను ఎక్కడైనా ఇరుక్కుంటే పక్కకొచ్చి చూసి "ఇక్కడ తిప్పి రాయి" అని హిందీలో చెప్పి వెళ్ళిపోయేవాడు. చెప్పింది ఎప్పుడూ సరిగ్గా ఉండేది. నాకు లోలోపల మండేది, అయినా వాడుకునేవాణ్ణి.

ఆ ఏడు మా డివిజన్ ఆఫీసులో కొత్తగా కంప్యూటర్ సెక్షన్ పెట్టారు. దాని ఆఫీసరుకి చదరంగం పిచ్చి. ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవంలో మనుషుల పోటీతో పాటు మెషిన్ల పోటీ కూడా పెడదామన్నాడు. నాలుగు ప్రోగ్రాములొచ్చాయి. రెండు మొదటి ఆటల్లోనే మొరాయించాయి. మిగిలింది నాదీ, మంగ్లా అతనిదీ. ఫైనలుకి ముందు ఆఫీసరు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచి, తన సెక్షన్లో ఒక కుర్చీ ఖాళీ ఉందనీ, గెలిచిన ప్రోగ్రాం ఎవరిదైతే వాళ్ళని ఇవ్వమని పైకి ఉత్తరం రాస్తాననీ చెప్పాడు. ఇద్దరం బయటికొచ్చి టీ తాగాం. "ఇద్దర్లో ఎవరికొచ్చినా మంచిదే" అన్నాడు అతను. నేనూ అవునన్నాను. అబద్ధం. నాకే కావాలి. ఇంకో వానాకాలం ఆ నూనె చీటీలు రాస్తే పిచ్చెక్కుతుందనిపించింది.

ఆఫీసరు పెట్టిన నియమాల్లో ముఖ్యమైనది ఒకటే. ప్రోగ్రాం రాసినవాడు మెషిన్ ముందు కూర్చోకూడదు, వాడి చెయ్యి ఊరుకోదు. వేరే మనిషిని కూర్చోబెట్టాలి. తెర మీద ఏ ఎత్తు కనబడితే ఆ ఎత్తు పలక మీద వెయ్యడం, ఎదుటివాళ్ళ ఎత్తు మెషిన్లో కొట్టడం, ప్రతి ఎత్తూ కాగితం మీద రాయడం, అంతే ఆ మనిషి పని. అతనికి చేతులే ఉండాలి, తల ఉండకూడదు అని ఆఫీసరు నవ్వుతూ చెప్పాడు.

నేను నాన్నని అడిగాను. చదరంగం తెలుసు, రాత శుభ్రం, గంటలకొద్దీ ఒక్కచోట కూర్చోగలడు. వారం రోజులు క్లాసుకి తీసుకెళ్ళి కీలు నేర్పాను. పొరపాటున తప్పు ఎత్తు కొడితే వెనక్కి తీసుకుని ఇంకోటి కొట్టడానికి ఒక కీ పెట్టాను, అదీ చూపించాను.

"ఏటీ ఆలోచించకు నాన్నా. అది ఏటి చూపిస్తే అదే వేసీ" అన్నాను.

"అచ్ఛా. బండి డ్రైవరుది. నాను ఎనకాల కూకోవాలి. అంతే కదేటి?"

"అంతే."

ఇంత తొందరగా అర్థం చేసుకున్నాడని నాకు భలే సంతోషమేసింది.

ఆదివారం పొద్దున్న ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఆట. రెండు బల్లల మీద రెండు మెషిన్లు, మధ్యలో పలక. నాన్న ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫారంలో వచ్చాడు. ఆదివారం, డ్యూటీ లేదు, ఎందుకు నాన్నా అంటే "ఇదీ డ్యూటీయే" అన్నాడు. అటువైపు మెషిన్ ముందు అకౌంట్స్ ఆఫీసు టైపిస్టు కూర్చున్నాడు. మమ్మల్ని ఇద్దర్నీ వెనక బెంచీల దగ్గర ఉండమన్నారు. మంగ్లా అతను చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను మాత్రం కాలు కాలిన పిల్లిలా తిరిగాను. కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి, టీ కెటిల్ దగ్గరికి. అంత దూరం నుంచి తెర కనబడదు, పలక మాత్రం కనబడుతుంది.

నా ప్రోగ్రాంకి ఒక జబ్బుంది, అది నాకు తెలుసు. దానికి ఆశ ఎక్కువ. మూలనున్న బంటుని మంత్రి చంపగలదని కనబడితే చాలు, తర్వాత ఆ మంత్రి బయటికి ఎలా వస్తుందో చూడకుండా వెళ్ళి చంపేస్తుంది. రెండు మూడు ఎత్తులకి మించి ముందుకు చూసే తెలివి నేను దానికి ఇవ్వలేకపోయాను. ఇరవై ఒకటో ఎత్తు అయ్యేసరికి సరిగ్గా అలాంటి బంటే ఒకటి మూలలో ఒంటరిగా నిలబడి ఉంది. చుట్టూ వాళ్ళ శకటూ, గుర్రమూ కాచుకుని ఉన్నాయి. నా మంత్రి లోపలికి పోతే తలుపు మూసుకుపోతుంది. అయిపోయింది, ఇక జీవితమంతా బేరింగులే అనుకున్నాను.

నాన్న తెర వైపు చూశాడు. చెయ్యి పలక మీదికి వెళ్ళి మధ్యలో ఆగింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. రెండో మూడో కీలు కొట్టాడు. తర్వాత నింపాదిగా ఏనుగుని ఒక గడి పక్కకి జరిపి కాగితం మీద రాసుకున్నాడు.

మంత్రి కదల్లేదు. బంటుని ముట్టుకోలేదు.

నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. నేను రాసిన ప్రోగ్రాం నేను ఊహించనంత తెలివిగా ఆడింది అనుకున్నాను. చూశారా, మనిషికి తను నమ్మాలనుకున్నది ఎంత తేలిగ్గా నమ్మబుద్ధవుతుందో. మంగ్లా అతను మొట్టమొదటిసారి బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. అక్కణ్ణుంచి ఆట వాళ్ళవైపు చెడిపోతూ వచ్చింది. ఆ ఎర కోసం వాళ్ళు రాజు పక్కనున్న బలమంతా అటు తరలించారు. మంత్రి రాకపోయేసరికి ఇవతల రాజు దిక్కులేనివాడయ్యాడు. నలభై ఒకటో ఎత్తుకి ఆట కట్టు.

జనం చప్పట్లు కొట్టారు. మంగ్లా అతను వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ బంటుని ఎలా వదిలేసింది? అది ఎర అని నీ ప్రోగ్రాంకి ఎలా తెలిసింది? నాది కావాలనే వదిలింది దాన్ని" అన్నాడు. అతని మొహంలో ఓడిన బాధ కంటే తెలుసుకోవాలన్న ఆత్రమే ఎక్కువ కనబడింది. తర్వాత చెబుతాలే అన్నాను, గొప్పగా.

సైకిలు స్టాండు దగ్గర నాన్న ఎత్తులు రాసిన కాగితం నా చేతికిచ్చాడు. దాన్ని శుభ్రంగా టైపు చేసి, మెషిన్ మీద కూర్చున్నవాళ్ళ సంతకంతో మర్నాడు ఆఫీసరుకి ఇవ్వాలి. కాగితానికి కుడివైపు రిమార్కుల గడి ఉంది. అందులో, ఇరవై రెండో ఎత్తుకి ఎదురుగా, నాన్న తన జర్నల్ రాతలోనే రాశాడు: మెషిన్ మంత్రిని ప్రమాదంలోకి తీసుకుపోతుండగా ఆపడమైనది, బదులుగా ఏనుగు జరపడమైనది, రెండు నిమిషాల ఆలస్యం. కింద పొట్టి సంతకం.

ఆ గడి రెండుసార్లు చదివాను.

"ఏటిది నాన్నా?"

"ఏటి?"

"నువ్వు మార్చీసేవా? అది చూపించిందే వెయ్యమన్నాను కదా!"

ఆయన తొణకలేదు. "అలగే వేసేను కదరా, నలభై ఎత్తులూ. ఒక్కటి ఆపేను. కళ్ళ ముందు ప్రమాదం కనబడుతుంటే బ్రేకు వెయ్యకుండా కూకుంటానేటి? నాను దొంగతనంగా చేసేనా? రాసిచ్చేను. తప్పయితే వాళ్ళే చెప్తారు, ఆట మళ్ళీ ఆడమంటారు. పద, ఆకలేస్తంది."

ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నేను అక్కడే నిలబడిపోయాను. నాన్న మీద కోపం రాలేదంటే అబద్ధం. ఎంత కోపమొచ్చిందంటే సైకిలు బెల్లు మీద గుద్దాను. కానీ ఆయన చేసినదాంట్లో దాపరికం లేదు. ముప్ఫై ఏళ్ళుగా చేసిందే చేశాడు. ఆపాడు, రాశాడు, సంతకం పెట్టాడు. ఇక నేను చెయ్యవలసింది ఆ కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు టైపు చెయ్యడమే. చేస్తే ఆట రద్దవుతుంది. మళ్ళీ ఆడితే నాది ఓడుతుంది, ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

సోమవారం స్టోర్సు టైపు మిషన్ ముందు కూర్చున్నాను. నలభై ఒక్క ఎత్తులూ కొట్టాను. రిమార్కుల గడి దగ్గరికొచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి. లేచాను. షెడ్డు చివరిదాకా నడిచి వచ్చాను. మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను. గడి ఖాళీగా వదిలేద్దామనుకున్నాను. కానీ రైల్వేలో ఏ ఫారంలోనూ గడి ఖాళీగా ఉండకూడదు. చెప్పడానికేమీ లేకపోతే 'నిల్' అని రాయాలి. ఖాళీగా ఉంటే మర్చిపోయాడేమో అనుకుంటారు, నిల్ అంటే చూసి మరీ ఏమీ లేదన్నట్టు. నేను నిల్ అని కొట్టాను.

మధ్యాహ్నం నాన్న డ్యూటీకి బయల్దేరుతున్నాడు. డ్యూటీ సామాన్లుండే ఆయన ఇనప పెట్టె గుమ్మంలో ఉంది. ఆ పెట్టె మీదే కాగితం పరిచి సంతకం పెట్టమన్నాను. చదవకుండా పాల చీటీ మీద కూడా సంతకం పెట్టని మనిషి. పెన్ను తీసి అడిగాడు.

"రిమార్కు రాసేవా?"

"రాసేను నాన్నా."

కళ్ళజోడు జేబులోనే ఉంది. తియ్యలేదు. కొడుకు టైపు చేశాడు కదా అనుకున్నాడు. సంతకం పెట్టి, పెట్టె ఎత్తించుకుని వెళ్ళాడు.

ఎవరూ ఏమీ అడగలేదు. రెండు నెలల్లో నాకు కంప్యూటర్ సెక్షన్‌కి ఆర్డరొచ్చింది. చల్లటి గది, తిరిగే కుర్చీ. కోరుకున్నదంతా దక్కింది, కూర్చోవడమే చేతకాలేదు. పది నిమిషాలకోసారి లేచి నీళ్ళ కుండ దగ్గరికి పోయేవాణ్ణి. పక్కవాళ్ళు నాకు ఒంట్లో ఏదో బాగోలేదనుకున్నారు.

మంగ్లా అతను రెండుసార్లు సెక్షన్‌కి వచ్చాడు. ఆ బంటు సంగతి చెప్పమని. నేను పనుందన్నాను. మూడోసారి ఒక నోటుబుక్కు తెచ్చాడు. ఆ ఎత్తు దగ్గర నా ప్రోగ్రాం ఏం ఆలోచించి ఉంటుందో తనకు తోచినట్టు పేజీల కొద్దీ లెక్కకట్టి రాసుకొచ్చాడు. "ఇదేనా?" అని అడిగాడు. లేని దాన్ని వెతుకుతున్న మనిషికి ఏం చెప్పాలి? కాదన్నాను. కోపంగా కూడా అన్నాననుకుంటాను. తర్వాత రావడం మానేశాడు. సర్కండా క్లాసుకి కూడా రావడం లేదని విన్నాను. ఆ మాట విన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, హాయిగానే అనిపించింది.

ఇంట్లో మాత్రం తప్పించుకోలేకపోయాను. నాన్న ఇరుసు కథ మానేసి ఈ కథ పట్టుకున్నాడు. వచ్చిన ప్రతివాడితోనూ అదే. "మా వాడి మెషిన్ని నాను మధ్యలో ఆపేను. ఆపినట్టు రాసిచ్చేను. ఆఫీసర్లు చూసేరు, చూసి కూడా మా వాడికే ఇచ్చేరు. అంటే వీడి పని ఎలగుందో చూడండి." చెబుతూ నా వైపు చూసి మురిసిపోయేవాడు. ఆ మాట మొదలవగానే నేను చెప్పులేసుకుని వీధిలోకి పోయేవాణ్ణి. మా అమ్మ నవ్వేది, పొగిడితే సిగ్గుపడతాడు అని.

నాలుగేళ్ళ తర్వాత నాన్న రిటైరయ్యాడు. మధ్యాహ్నం గార్డుల గదిలో దండ వేశారు, మిఠాయిలు పంచారు. రిటైర్మెంట్ కాగితాలు తీసుకుని అకౌంట్స్ నుంచి వచ్చినవాడు ఎవరనుకున్నారు? మంగ్లా అతనే. కొంచెం లావయ్యాడు. నాన్న అతన్ని చూడగానే రెండు చేతులూ పట్టుకుని తన హిందీలో అందుకున్నాడు.

"నీది పెద్ద మనసు బాబూ. ఆ రోజు నేను మెషిన్ని ఆపి ఏనుగు జరిపాను, అది కాగితం మీద ఉంది కూడా. నువ్వు కావాలంటే గొడవ చెయ్యొచ్చు, ఆట మళ్ళీ పెట్టమనొచ్చు. ఒక్క మాట అనలేదు."

అతను ఏమీ అర్థం కానట్టు చూశాడు. "ఏ ఎత్తు చాచా?" అన్నాడు.

"ఇరవై రెండు."

అతను తలెత్తి నన్ను చూశాడు. నేను గోడకి ఆనుకుని ఉన్నాను. పారిపోదామంటే జనం అడ్డం. అతను మళ్ళీ నాన్న వైపు తిరిగి, "అవును చాచా, చదివాను" అన్నాడు. సంతకాలు ఎక్కడ పెట్టాలో చూపించి, లడ్డూ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికి నడిచి వస్తున్నాం. నాన్న మెడలో దండ తీసి చేత్తో పట్టుకున్నాడు. సగం దూరం వచ్చాక అడిగాడు.

"వాడు చదవలేదు. నా కోసం అబద్ధమాడేడు. ఆ కాగితం మీద ఏటి రాసేవు నువ్వు?"

"నిల్ అని."

నాన్న ఆగాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. "ఇన్నేళ్ళ జర్నళ్ళలో నాను చదవకుండా పెట్టిన సంతకం అదొక్కటేరా" అన్నాడు. "ఎల్లి వాడికి చెప్పు. నాను చెప్పింది సగమే."

ఆ ఆదివారం మంగ్లా వెళ్ళాను. దారిలో రెండుసార్లు స్కూటరు వెనక్కి తిప్పాను, మళ్ళీ ముందుకి తిప్పాను. అతను ఇంటి ముందు మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. కూర్చోమన్నాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను, టైపు మిషన్ సంగతీ, పెట్టె మీద సంతకం సంగతీ. తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అంటే నీ ప్రోగ్రాంలో ఏమీ లేదా?" అన్నాడు.

"ఏమీ లేదు. అది బంటునే చంపబోయింది."

"నాది సరిగ్గానే చూసిందన్నమాట."

"సరిగ్గానే చూసింది."

అతను పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నేను ఏడాది వెతికాను" అన్నాడు. "నాకు తట్టనిది నీకేదో తట్టిందనుకున్నాను. నాకు ఈ పనికి సరిపడా బుర్ర లేదనుకుని అన్ని ఫ్లాపీలూ చెరిపేశాను. మళ్ళీ ఏమీ రాయలేదు."

లోపలికి కేకేసి నాకు టీ తెమ్మన్నాడు.